చెక్కుబందీ లేని దస్తావేజు

పాత కంప్యూటర్ని ఉప్పుగాలి తినేసింది.
ముందు స్పేస్‌బార్, తర్వాత ఫ్యాను,
ఓ మధ్యాహ్నం సగం టైపైన వీలునామాతో సహా
తెర మొత్తం.

కొత్త లాప్‌టాప్ డాబాగార్డెన్స్‌లో వాయిదాల మీద కొన్నాను.
సిస్టమ్ ఏదీ వెయ్యని పెట్టె, అందుకే నాలుగు వేలు తక్కువ.
"దొంగది ఎక్కించేస్తాను మేడమ్, ఎవడు చూస్తాడు" అన్నాడు షాపతను.
స్టాంపు కాగితాల మధ్య ఇరవై రెండేళ్లు బతికినదాన్ని,
దొంగ అన్న మాటకే కడుపులో తిప్పుతుంది.
వద్దన్నాను.

తవిటినాయుడు, కంచరపాలెం పాలిటెక్నిక్,
సాయంత్రాలు నా దగ్గర జెరాక్సులు తీసే గుంటడు,
తాళాల గుత్తికి కట్టిన పెన్‌డ్రైవ్ తెచ్చాడు.
"డబ్బులేటీ అక్కర్లేదమ్మా. ఇది అందరిదీని."
అందరిదీ అంటే ఎవరిది?
రిజిస్ట్రారు ఆఫీసు ఎదురు సందులో ఆ మాట చెల్లదు.
తూర్పున ఫలానా వారి ప్రహరీ, పడమర మునిసిపల్ కాలువ...
నాలుగు హద్దులు చెప్పలేనిది ఆస్తి ఎలా అవుతుంది?

షట్టరు సగం దించాం.
నల్ల తెర మీద తెల్ల గీతలు
రేవులో కంటైనర్లు లెక్కెట్టే గుమాస్తా నోరులా
ఆగకుండా.
భాష అడిగింది.
జాబితాలో కిందికి, ఇంకా కిందికి దిగితే
తమిళం పక్కన కూర్చుని ఉంది తెలుగు.
నొక్కాను. "స్వాగతం" అంది.
ఏ యంత్రమూ ఇన్నేళ్లలో
నన్ను నా భాషలో లోపలికి రమ్మనలేదు.

తర్వాత, "డిస్కు విబజన".
ఒత్తు లేదు.
రోజుకి మూడు భాగపంపకాలు టైపు చేసే చేతికి
ఆ 'బ' పంటికింద రాయి.
ఎవరో రాసుంటారు కదా, ఏ రాత్రి, ఎవరు జీతమిస్తే?
నాయుడు నవ్వాడు: "జీతమేటి, ఊరికినే."

పంపకం నేనే చేశాను.
సిస్టానికి అరవై, స్వాపుకి ఎనిమిది
(వర్షమొస్తే బట్టలారేసుకునే వరండానమ్మా, అన్నాడు),
మిగతాదంతా దస్తావేజులకి.
అన్నదమ్ములు అరుచుకోలేదు,
సాక్షి అలిగి టీకొట్టుకి పోలేదు.

నలభై ఒక్క శాతం దగ్గర కరెంటు పోయింది.
సందు మొత్తానికి ఆ తెరే దీపం.
హార్బరు వైపు నుంచి ఓడ కూత.
ఇద్దరం ఊపిరి బిగబట్టాం,
మా అలికిడికి ఆగిపోతుందేమో అన్నట్టు.

డెబ్బై దాటాక వాక్యాలు ఇంగ్లీషులోకి జారిపోయాయి,
ఉన్నట్టుండి, అన్నీ.
ఆ తెలుగు రాసినావిడ (ఆవిడే అనుకున్నాను)
అక్కడ లేచి వెళ్లింది.
కుక్కరు కూసిందో, నైట్ షిఫ్టు బస్సొచ్చిందో,
ఇక చాలనిపించిందో.

ఆ ఖాళీలో లైసెన్సు చదివించుకున్నాను.
నకలు తీసుకోవచ్చు. మార్చుకోవచ్చు. పంచవచ్చు.
పుచ్చుకున్నవాళ్లకీ ఇవే హక్కులు ఇచ్చి తీరాలి.
"మళ్లీ చదువు" అన్నాను.
దానపత్రాలు వేలు కొట్టాను,
ప్రేమాభిమానముల చేత, ఎవరి బలవంతమూ లేక;
చివర్న ఏదో మెలిక ఉండే తీరుతుంది.
పుచ్చుకునేవారి పేరు రాయని దానపత్రం
ఇదే చూడటం.
చెక్కుబందీ ఏదిరా అంటే
"నేదమ్మా" అన్నాడు.

వైఫై అందలేదు. ప్రింటరు రెండ్రోజులు మొండికేసింది.
అప్పలకొండగారి క్రయపత్రంలో 'క్ష' విరిగిపడింది.
ఇదీ చెప్పాలి, లేకపోతే తప్పుడు సాక్ష్యం.

ఇవాళ ఆదివారం. షట్టరు వెనక ఒక్కదాన్నే.
ఎక్కడ దిద్దాలో నాయుడు చీటీ రాసిచ్చాడు.
'బ'కి ఒత్తు పెట్టాను.
ఆవిడ వదిలిన చోటికి వచ్చాను.
"దయచేసి వేచియుండవలెను" అని పడింది ముందు,
కోర్టు అలవాటు.
కొట్టేసి రాశాను:
కాస్త ఆగండి, అయిపోవచ్చింది.