అడుగున లంక

ఆలమూరు దాటాక లాకుల ఆఫీసు.
పొద్దుటి నుంచి మూడుసార్లు పోయొచ్చింది కరెంటు.
నల్ల తెర మీద తెల్ల వరసలు పైపైకి పాకుతున్నాయి.
గ్రీజు గుడ్డ భుజానేసుకుని నా కుర్చీ వెనక
లస్కరు యాళ్ల బంగారయ్య:
"ఏం చేత్తందండీ అది?"

లేస్తోంది, అన్నాను.
ముందు మూలం ఒక్కటే వస్తుంది, అదీ చదవడానికే.
ఎక్కడైనా గండి పడిందేమో చూసుకునేదాకా
ఒక్క అక్షరం రాయనివ్వదు.

"ఆయ్, మా జూన్ నెలేనండీ అది."
నీళ్లొదిలే ముందు ఎండు కాలవలో
చెప్పుల్లేకుండా నడుస్తాడట శివారు దాకా,
పీత బొక్కల్లో కర్ర దూర్చి చూసుకుంటూ.

ఆ తర్వాతే చిన్న చిట్టా విప్పుతుంది.
ఏ డిస్కు, ఏ చోటికి, ఏ షరతు మీద.
దీనిలో రాసుకోవచ్చు.
దీన్ని ఎవరెప్పుడు తొంగిచూశారో గుర్తుపెట్టుకోవద్దు.
("ఆ ముక్క మా ఏఈ గారికి చెప్పండి.")
గేజీ కొలతల డిస్కు పక్కన మాత్రం
నాకు ముందు వచ్చినవాడెవడో, బస్సు తొందరలో,
ఒక మాట తగిలించి పోయాడు: నోఫెయిల్.
రాకపోయినా ఆగొద్దు.

ఆగలేదు.
శ్రావణంలో తీగ వదులైంది.
మిషను రోజూ లేచింది, రోజూ బాగానే ఉన్నానంది.
డిస్కు కూర్చోవలసిన ఖాళీ గదిలోకే
బంగారయ్య అంకెలు దిగబోస్తూ వచ్చాడు,
ఆరింటికీ, మధ్యాన్నానికీ,
రెండో ప్రమాద హెచ్చరిక రాత్రి గంటగంటకీ.

తీగ బిగించి మళ్లీ లేపాను.
డిస్కు వచ్చి తన చోట కూర్చుంది.
ఆషాఢం దాకా నిండుగా ఉంది.
ఆ తర్వాత తెల్లకాయితం.

"నా వరదేదండీ?"

పోలేదు, దీని కిందే ఉంది, అన్నాను.
నమ్మడనుకున్నాను.
ఆయన కాసేపు తెరనే చూసి,
లంకలో ఉన్న బావమరిది సంగతెత్తాడు.
వరదలో పడవ మీద పోతూ
ఎర్రనీళ్ల మీద వేలుపెట్టి చూపిస్తాడట,
ఇదిగో నా దొండపందిరి, ఇదిగో పాక గుంజ,
ఇదిగో ఇక్కడ గేదెను కట్టేది, అని.
"అలాగేగదండీ?"

అలాగే.

డిస్కు దించాను, ఒకే ఒక్క ఆజ్ఞ.
నీరు తీసింది. బురదైనా అంటలేదు దేనికీ.
ఆగస్టు ఇరవై రెండు, రాత్రి రెండున్నర,
ఏడు అడుగుల రెండంగుళాలు.
ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.
"ఆ రాత్రే నా గొడుగు ఎగిరిపోయిందండీ."

అన్నిటినీ ఎత్తి ఒడ్డున పెట్టాను.
ఖాళీ గదికి తాళమేశాను,
డిస్కు రాని రోజు రాయబోతే కాదంటుంది ఇక.
నోఫెయిల్‌ని అలాగే ఉంచాను.
ఒక తీగ ఊడిందని లాకులాఫీసు నిద్రపోకూడదు కదా.

తొమ్మిదైంది. కొలత చూడ్డానికి గట్టు దిగాడు.
గుర్రపుడెక్క పక్కకు నెట్టి, గేజీ పలక తుడిచి,
అక్కణ్ణించే కేకేశాడు:
"ఇప్పుడు రాత్తే పైన పడుద్దాండీ,
కింద పడుద్దాండీ?"