రెండు నిమిషాలకొక గుక్క

ఆర్డెన్ నికిల్ జేబులోంచి ఆటుపోట్ల పట్టిక తీసి
దాని వెనక వడ్రంగి పెన్సిల్‌తో రాశాడు:
"హారన్ మోగట్లేదు అన్నాడు తనిఖీ కుర్రాడు."
"అన్నాడు" కింద రెండు గీతలు.

పుట్టినప్పటి నుంచీ వినపడదు అతనికి.
మహోన్ బేలో ఈ రేవు నుంచి చివరి దీవి దాకా
నీటి కింద రాళ్ళు మాత్రం పేరుపేరునా తెలుసు.
ఇరవై రెండడుగుల ఫైబర్ పడవ, ఎలోయీస్.
ఒక రిటైరైన దంతవైద్యుడి దగ్గర కొన్నాడట.
హారన్ బిగించిందీ ఆ వైద్యుడే.
అది నాకు పని చూశాక అర్థమైంది.

బటన్ నొక్కాను.
ముందు డెక్కు కింద చీకట్లో కంప్రెసర్ గుర్రుమంది.
పైన క్రోమ్ బూర
నోరు తెరుచుకుని ఊరుకుంది.

మీటరు పెట్టాను. బ్యాటరీ దగ్గర పన్నెండున్నర పైచిలుకు,
కంప్రెసర్ తిరుగుతుండగా దాని దగ్గర పదకొండూ ఎనిమిది.
వంక పెట్టడానికి లేదు.
ఫ్యూజు కొత్తది. రిలే టక్కుమంటోంది.
నెగటివ్ తీగ కొసన పచ్చటి చిలుము,
గీకేశాక కూడా అదే గుర్రు, అదే ఊరుకోవడం.
కుమ్మరి పురుగేమో అనుకున్నాను,
పోయినేడు వేరే పడవ బూరలో మట్టిగూడు దొరికింది.
ఊడదీసి, పుల్లతో పొడిచి, ఊదాను.
నా పెదాలకి ఉప్పు తగిలింది, బూర ఒక పిచ్చి కూత కూసింది.

గొంతు ఉంది. ఊపిరీ ఉంది.
మధ్యలో ఎక్కడో పోతోంది.

బుస వినపడుతుందేమోనని చెవి ఆనించాను.
కంప్రెసర్ రొద. పక్క జెట్టీ మీద
వెల్డా వెంట్‌జెల్ సాండర్ రొద.
రెండు చెవులూ ఉండి దండగ.

అతను నా భుజం తట్టి జరగమన్నాడు.
వెల్లకిలా పడుకుని గొట్టం వెంట చేయి పోనిచ్చాడు,
పడుకున్న పిల్లి వెన్ను నిమిరినట్టు.
అడ్డుచెక్క దాటే చోట చేయి ఆగింది.
మణికట్టు తిప్పాడు. మళ్ళీ తిప్పాడు.
లోపలి పలచటి చర్మం మీద
ఆ గాలిని పట్టుకున్నాడు.

చెక్కకి చిల్లు పెట్టిన పెద్దమనిషి
అంచుకి రబ్బరు రింగు వేయలేదు.
అలకో రాపిడి, అలకో రాపిడి,
గొట్టానికి గోరంత చీలిక.
పళ్ళకైతే ఇలాగే వదిలేసేవాడా?

నేను నవ్వాను. ఆర్డెన్ నవ్వలేదు.
లేచి కూర్చుని చాలాసేపటికి రాశాడు:
"నొక్కినప్పుడల్లా అరచేతి కింద ప్యానెల్ వణికేది.
మోగుతోందనుకున్నాను."
కాగితం తిప్పి, అంచున, చిన్న అక్షరాల్లో:
"నిరుడు ఆగస్టులో మూడుసార్లు పొగమంచు.
రెండు నిమిషాలకొకసారి నొక్కాను. గడియారం చూస్తూ."

పెన్సిల్ నా చేతికిచ్చాడు.
కాసేపు పట్టుకుని తిరిగిచ్చేశాను.

కొత్త గొట్టం, రింగు, రెండు క్లాంపులు.
బూర మూతి కాస్త కిందికి వంచాను,
ఎగిరిపడ్డ నీళ్ళు అందులో నిలవకుండా.
ఇక నొక్కమన్నట్టు చూశాను.

ఒక దీర్ఘం.
అతను బూరకేసి చూడలేదు.
గుంజల మీంచి నీటికాకులు లేవడం చూశాడు,
వెల్డా సాండర్ వదిలేసి తిట్టిన తిట్టు
ఆమె పెదాల మీద చదివి, అప్పుడు నవ్వాడు.
తర్వాత ఐదు హ్రస్వాలు, ఊరికే, ఆమె కోసం.

నేను పెట్టె సర్దుకుంటుండగా
స్వెటరు అంచు నుంచి ఎర్ర ఉన్నిపోగు ఒకటి లాగి
బూర మూతికి కట్టాడు,
తెరచాపల వాళ్ళు గాలి జాడకి కట్టుకున్నట్టు.
నొక్కాడు. పోగు లేచి గజగజలాడింది.
ఈ సంగతి ఏ మాన్యువల్‌లోనూ లేదు,
అందుకని బిల్లులో వంద తగ్గించాను.

జులైలో ఒక పొద్దున మంచు షెడ్డు తలుపు దాకా వచ్చింది.
కార్బొరేటర్ విప్పుతున్నాను.
దూరంగా ఒక దీర్ఘం.
లెక్కపెట్టాలనుకోలేదు, పెట్టాను.
నూట పద్దెనిమిది దగ్గర స్క్రూడ్రైవర్ ఆగింది.
నూట ఇరవైకి రాలేదు.
నూట ఇరవై నాలుగుకి వచ్చింది.

అతని గడియారం నిదానమో,
నా లెక్కే తొందరో.