నడుము కాడి మసి

గుంతకల్లు రైలు ఇన్‌స్టిట్యూట్‌లో
కిస్మసు రాత్రి డాన్సంట.
మాకేం తెలుసు? తెల్లారి మూటలొస్తాయి.
కేకు జిడ్డు, కొవ్వొత్తి మైనం, సారాయి.
ఏ మరక ఏ ఇంటిదో గుడ్డే చెప్తాది.

గార్డు దొర కూతురు మ్యూరియలమ్మ
తెల్లగౌను తానే మోసుకొచ్చింది.
నడుము ఎనక ఐదు వేళ్ళు, బొగ్గుమసి.
ఆ రాత్రి బొంబాయి మెయిలు రెండు గంటలు లేటు.
ఫైర్‌మన్ పిల్లోడు
చేతులన్నా కడుక్కోకుండా ఉరికినట్టుండాడు.

ఆయమ్మ ఆ జాగా వేలితో చూపి
తల అడ్డంగా ఊపింది. అంతే.

సౌడు పెట్టి గౌనంతా ఉతికినా,
జానెడు గుడ్డ పిడికిట్లో
తడవకుండా పట్టుకొని.

"ఏందే సుంకమ్మా ఇది?" అనె దొర.
"ఇస్త్రీపెట్టె బొగ్గు, నా తప్పే" అంటి.

అర్ధణా కోసుకున్నాడు.
అగ్గువే.