కీలెరిగి

ఇబ్రి సనాయాలో మూడో వరుస, పదకొండో షెడ్డు.
ఆగస్టు నెల. షట్టరు సగం దించుకొని పని చేస్తున్నం.
ఎనభై ఏడు మోడల్ హైలక్స్ ఒకటి వచ్చి ఆగింది.
ఒకప్పుడు ఎర్రటిదట,
ఇప్పుడు దాని రంగు పేరు ఏ డబ్బా మీదా ఉండదు.

దిగినాయన ఖల్ఫాన్. గడ్డానికి గోరింట, మోకాలికి పట్టీ.
కుడి తలుపు కాడికి నడిపించి
ఎత్తి, తోసి, మూసి చూపించిండు.
"ఎత్తకుంటే పడదు" అన్నడు.
ఎంత ఎత్తాలె?
రెండు వేళ్లంత.

తలుపు కొస పట్టి లేపిన, టక్కుమంది.
వదిలిన, టుక్కుమంది.
పక్క షెడ్డులో లేతు మీద వంగిన దుబ్బరాజం
తల ఎత్తకుండనే అన్నడు:
"పైకీలు పోయింది."

వెల్డింగు కొట్టేద్దాం, పది నిమిషాలు, అంటడు తాజుద్దీన్.
వానికి లోకంలో ఏది విరిగినా పది నిమిషాలే.
కీలెరిగి వాత పెట్టాలంటరు మా దిక్కు.
ఎడ్లకు చెప్పిన మాటో, మనుషులకు చెప్పిన మాటో,
నాకు బండి తలుపుల కాడ తెలిసొచ్చింది.

జాకీ మీద చెక్క, చెక్క మీద పాత కంబళి.
దవాఖానల ముసలోళ్లను మంచం మార్చినట్టు
తలుపును దాని మీదికి జరిపినం.
బోల్టులకు డీజిలు పోసి ఒక చాయ్ తాగేంత సేపు ఆగినం.
తుప్పుకు తొందర లేదు.
మనం తొందరపడితే బోల్టు తల తెగుతది, అంతే.

కింది నుంచి కొట్టంగ కొట్టంగ
పిన్ను బయటికొచ్చింది.
నడుము సన్నబడ్డది, ఒక్క దిక్కే.
గుండ్రంగుండాల్సిన తూటు కోడిగుడ్డయింది.

ఇదేం లెక్క?
డ్రైవరు తలుపు ఇప్పటికీ బిగువుగనే ఉన్నది,
రోజుకు ఇరవైసార్లు తీసేది దాన్ని.
ఇటుదిక్కు కూసునేదెవరు? అని అడిగిన,
వచ్చీరాని అరబ్బీలో.

ఖల్ఫాన్ టైరు మీద కూసున్నడు.
వాదీ పైన ఊరికి బస్సు రాని రోజులట.
ఆరుగురు ఆడపిల్లలు, బడికి ఏడేండ్లు.
ముందు సీట్లో ముగ్గురు, వాళ్ల మీద ముగ్గురు.
దిగేటప్పుడు ఒక్కొక్కతి
తలుపు పట్టుకొని ఊగి దూకేదట.
"తిట్టేవాణ్ని. జువైనా అయితే రెండుసార్లు ఊగేది."
ఆ పిల్ల ఇప్పుడు నిజ్వా దవాఖానలో ఎక్స్‌రేలు తీస్తదట.
"నా మోకాలుకు ఫొటో తీసింది ఆమెనే.
కీలు అరిగిందన్నది."

నా చేతిల పిన్ను, ఆయన కాలికి పట్టీ.
నేనేం అనలే.
తాజుద్దీన్ నవ్వబోయి దగ్గిండు.

దుబ్బరాజం పాత పంపుసెట్టు ఇత్తడి ముక్క వెతికి
లేతుకెక్కించిండు.
పసుపుపచ్చ పొట్టు చుట్టలు చుట్టలుగ
ఆయన చెప్పుల మీద రాలింది.
వెంట్రుక వాసి ఎక్కువైతే పిన్ను తిరగదు,
వెంట్రుక వాసి తక్కువైతే మళ్లా టక్కు, టుక్కు.
మూడు బుష్షులు పాడు చేసి నాలుగోదానికి ఊ అన్నడు.
వైసులో ఒత్తిన. కొత్త పిన్ను, వేలితో గ్రీసు.
పిల్లర్ మీద పాత బోల్టు నీడలు
ఇంకా ఎర్రగనే ఉన్నయి,
వాటి మీదనే కూసోబెట్టిన.
యాభై బైసల బిళ్ల పెట్టి సందు చూసిన,
పైనుంచి కిందిదాక ఒక్క తీరుగ జారింది.

చిటికెన వేలితో తోసిన.
చప్పుడు కూడ సరిగ్గ కాలే, పడ్డది.

ఎనిమిది రియాళ్లన్న. ఆరు ఇచ్చి
ఒక డబ్బా కొత్త ఖర్జూరాలు పెట్టిండు.
తలుపు మీద చెయ్యేసి, తనూ మూసి చూస్తనన్నడు.

ఎత్తిండు.
ఎత్తి, తోసి, మూసిండు.

"ఎత్తొద్దు, ఇగ అవసరం లేదు" అన్న.
"సరే" అన్నడు. మళ్లా ఎత్తిండు.

శుక్రవారం సుల్తాన్ పంపు కాడ కనిపించిండు.
దూరం నుంచే చెయ్యి ఊపి, గడ్డి మోపు దించుకొని,
రెండు వేళ్లంత లేపి, మూసిండు.
దుబ్బరాజానికి చెప్తే
సబ్బుతో చేతులు రుద్దుకుంటనే
లెక్కేసిండు:
ఇట్లనే ఎత్తుకుంటపోతే
ఈసారి బుష్షు అవతలి దిక్కు అరుగుతది.
పదేండ్లు పడుతదిలే.