ఉప్పు ఇటివ్వండి

కుతైసిలో, రంగస్థలం కింద చెక్కగూట్లో
ముప్పై ఏళ్లుగా నటుల బూట్లు చూస్తూ
మరిచిన మాటలు అందిస్తున్నాను.

యూనివర్సిటీ నుంచి వాఖ్తాంగ్ అని ఓ కుర్రాడొచ్చాడు,
మూడు రంగుల పెన్నులతో.
మూడో అంకం, భోజనాల బల్ల:
పదకొండేళ్ల జైలు ముగిసి మొగుడు ఇల్లు చేరిన రాత్రి.
పచ్చ రంగు ప్రతీకలకట, ఎరుపు వ్యంగ్యానికి.
రొట్టె కింద గీశాడు, దీపం కింద గీశాడు,
దొరికిన ప్రతి పోలికకీ ఓ పేరు పెట్టాడు.
"ఉప్పు ఇటివ్వండి" దగ్గర మాత్రం
పెన్ను ఎత్తి, దాటేశాడు.

నాయనా, వెనక్కి తిప్పు.
మొదటి అంకంలో ఈవిడే ఏమంది?
"మొద్దూ, ముందు నువ్వు తిను" అనలేదూ?
మరి ఆ 'నువ్వు' ఏది?
ఏ మంచులో పారేసి వచ్చారు దాన్ని, ఇద్దరిలో ఎవరు?

నా ప్రతిలో 'ఉప్పు'కీ 'ఇటివ్వండి'కీ మధ్య
పెన్సిల్ చుక్కలు ఏడు. ఏడు ఊపిర్లు.
అది మరుపు కాదు, నోరు మూసుకో అని
నాకు నేను రాసుకున్న గుర్తు.
కొత్తలో ఒకసారి, ఆగలేక, అందించేశాను.
హాలంతా నవ్వింది.
ఆ రాత్రి పిక్రియా నాతో మాట్లాడలేదు.
మర్నాడు మెట్ల మీద ఎదురుపడి
"మీరు కాస్త జరుగుతారా" అంది.
అప్పుడు తెలిసింది నాకు, ఆ మాట బరువు.

పైన మళ్లీ రిహార్సల్.
"ఉప్పు" అంది పిక్రియా. ఆగింది.
బల్ల కింద బద్రి బూటు ఒకటి వెనక్కి జరిగింది.
మూడు... నాలుగు...
నా పక్కన కుర్రాడు, చప్పుడు కాకుండా,
పెన్నుకి మూత పెట్టాడు.