మచ్చు

అరండల్‌పేటలో కళ్ళజోళ్ళ షాపు పైన మా గది.
పదకొండు ఫోన్లు, రెండు ఫ్యాన్లు.
గోడకి జెండా లేదు,
ఉండకూడదన్నాడు శేషగిరి.

తెల్లారి ఐదింటికి మన పేపరు తెరవను.
అది మనల్ని పొగుడుతుంది,
సొంత డబ్బా ఎవడు వింటాడు?
వాళ్ళ పేపరు తెరుస్తాను.
జిల్లా పేజీ, అడుగున ఎడమ మూల,
వాళ్ళవాణ్ణి వాళ్ళే ఒక్క మాట అన్న చోటు
ఎక్కడుందో వెతుకుతాను.

మా అమ్మ మిర్చి యార్డులో ఇరవై రెండేళ్ళు తాలు ఏరింది.
ముక్కుకి కొంగు బిగించి, పక్కావిడతో కబుర్లాడుతూ,
ఎర్రటి కుప్పలో తెల్లబడ్డ కాయని
చూడకుండానే వేళ్ళతో పట్టేది.
ఆ వేళ్ళే నాకొచ్చాయి.
ఆమె తాలు తీసి పక్కన పోసేది.
నేను పక్కవాడి టిక్కీలోంచి తాలు తీసి
ఊరంతా మచ్చు చూపిస్తాను.

"వాళ్ళ పేపరే ఒప్పుకుంది."
పైన ఈ మూడు మాటలు చాలు.
కాఫీలవకముందే
అపార్ట్‌మెంటు గ్రూపులో, వాకింగ్ బ్యాచిలో,
పదో తరగతి మిత్రుల్లో దిగుతుంది,
ఏ పార్టీ కాని మనుషుల పేర్లతో.

శ్రావణంలో ఒకటి దొరికింది.
నల్లచెరువులో కూలిన కాలవ గోడ.
రాసింది యోహాను అనే కంట్రిబ్యూటర్.
ఆరు పేరాలు.
నాలుగో పేరా కింద కోశాను.
ఐదో పేరాలో
ఆ గోడ కట్టిన సంవత్సరం ఉంది.
అప్పుడు కుర్చీలో ఉన్నది మనమే.

రాత్రికి ముప్పై వేలు దాటింది.
శేషగిరి బిర్యానీ తెప్పించాడు,
నా ప్లేటులో లెగ్ పీసు తనే వేశాడు.

ఆ వారమే యోహానుని మాన్పించారు.
నెల తర్వాత శంకర్ విలాస్ సెంటర్లో, టీ బండి దగ్గర,
అదే బల్ల మీద కూర్చున్నాడు.
నేనెవరో తెలీదు.
ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించిందేమో,
"పందొమ్మిదేళ్ళు రాశానమ్మా,
ఇంతమంది చదివింది ఇదొక్కటే.
మా బావమరిదికి కూడా వచ్చిందంట,
వాడు జన్మలో పేపరు ముట్టడు.
కాకపోతే, కింద ఇంకా ఉంది.
ఎవరూ అడగట్లేదు."

టీ ఊదుకుంటూ కూర్చున్నాను.
ఎప్పుడో చల్లారిపోయిన టీ.

జేబులోంచి కటింగు తీశాడు,
మడతల దగ్గర చిరిగి టేపేసింది.
చదువుతావా అని
నా చేతిలో పెట్టాడు.

ఐదో పేరా మీద నా వేలు
చూడకుండానే ఆగింది.