రూపాయిలో పదకొండు పైసలు

రిచీ స్ట్రీట్‌లో మా కోదండం మేస్త్రి
సోల్డరింగ్ పొగలోంచి లెక్క చెప్పేవాడు:
తెలుపు ఒక రూపాయి అనుకో,
ఎరుపుది ముప్పై పైసలు, నీలానిది పదకొండు,
మిగతా యాభై తొమ్మిదీ ఆకుపచ్చదే.

అంత వాటా ఉన్నదాన్ని
ఎవరూ పంపరు.
టవర్ నుంచి వెలుగొకటి వస్తుంది,
దాని వెంట రెండు తేడాలు:
ఎరుపులోంచి వెలుగు తీసేస్తే ఎంత,
నీలంలోంచి తీసేస్తే ఎంత.
ఆకుపచ్చని సెట్టే లెక్కగట్టుకోవాలి
చీటీపాటకి రానివాడి బాకీలాగా.

వ్యాసర్పాడి బ్లాక్ అండ్ వైట్ డబ్బాకి
ఈ తేడాల గొడవ పట్టదు.
వెలుగు తాగి బతికేస్తుంది.

గీత విడిచి గీత ఎరుపు తేడా బోర్లా పడుతుంది,
దారిలో చెడిన రంగు
పక్క గీత తప్పుతో చెల్లుకు చెల్లు.
"తప్పుని తప్పుతోనే కొట్టాలిరా."

మూత బిగించే ముందు, నావైపు చూడకుండా
"ఆవిడ చీర ఏం రంగు?" అనేవాడు.
అది పరీక్ష కాదని
నాలుగేళ్లకి గానీ తట్టలేదు నాకు.
పండుమిరప, పచ్చిమిరప
ఆయన కంటికి ఒకటే.

తరవాత్తరవాత అడక్కముందే చెప్పేవాణ్ణి:
"చిలకపచ్చ మేస్త్రీ,
అంచు కుంకం."
స్క్రూడ్రైవర్ అరచుట్టు తిప్పి, ఆగి,
"కాస్త ఎక్కువైందా?"